మంచు మీద కారు

మార్చి మొదటి వారం. రాష్ట్రానికి ఉత్తరపు కొస.
సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
నడిమధ్యన పాత ఆకుపచ్చ కారు,
ఇంజను తీసేసి, నూనె చుక్క లేకుండా కడిగి పెట్టారు.
బంపరుకి గొలుసు, గొలుసు చివర ఒడ్డున గోడ గడియారం.
కారు మునిగితే గొలుసు లాగుతుంది,
గడియారం ఆగుతుంది.
ఆ గడియ ముందే రాసినవాళ్లకి సగం డబ్బు,
మిగతా సగం అంబులెన్సు టైర్లకి.

చీటీ రెండు డాలర్లు.
లైసెన్సు లేదు.

అందుకే వచ్చాను,
నూట ఎనభై మైళ్లు, హీటరు మూలిగే ప్రభుత్వ బండిలో.

ఫైరింజను షెడ్డులో లెంపీ సారెలా
బిస్కెట్ల డబ్బా మూత తీసి ముందుకి తోసింది.
చీటీలు, రబ్బరు బ్యాండ్లు, చిల్లర.
డెబ్బై ఒక్క ఏళ్లావిడ. ఖజానా ఆవిడదే,
కాఫీ కాచేదీ ఆవిడే.

చర్చి నేలమాళిగల్లో, స్కూలు జిమ్ముల్లో
వెయ్యిసార్లు అప్పజెప్పిన పాఠమే చెప్పాను:
డబ్బు పెట్టాలి, అదృష్టం తేల్చాలి, బహుమతి దక్కాలి.
మూడూ కలిస్తే జూదం.
ఒక్కటి తీసేస్తే కాదు.
మంచి పనికైతే అనుమతిస్తాం,
కాని ముందు అడగాలి.

"మంచు కరగడం అదృష్టమా?" అంది.
"మా నాన్న చేపల గుడిసె ఒక్క ఏడూ మునగలేదు.
ఆయనకి తెలిసేది."
నా ఫారంలో నైపుణ్యం అని ఒక గడి ఉంది.
దాన్ని నేనెప్పుడూ నింపలేదు.

లెక్కపెట్టాం. అమ్మిన చీటీల మొదళ్లు ఒక పక్క,
నోట్లు ఒక పక్క.
నూట పదహారు డాలర్లు తక్కువ.

పెన్ను తీశాను.
లెంపీ కాఫీ కలుపుతూనే ఉంది,
చక్కెర వెయ్యకుండానే.

రూడీ అని ఒకడు. గని మూసేశాక
పన్నెండు వారాలుగా ఇంట్లోనే.
ఒక శుక్రవారం అరవై చీటీలు కొన్నాడు,
ఏప్రిల్లో రోజుకి రెండు, పొద్దునొకటి, సాయంత్రమొకటి,
సరస్సు ఎటూ తప్పించుకోకుండా.
మర్నాడు లెంపీ యాభై ఎనిమిది చింపేసింది.
డబ్బు కవర్లో పెట్టి
వాళ్లావిడ ఎల్సీ చేతికిచ్చింది.
రూడీకి తెలీదు.
"రెండు మాత్రం ఉంచాను," అంది, "ఆశ పడనీ."

అమ్మిన చీటీని చింపడం, మా పుస్తకంలో,
లైసెన్సు లేకపోవడం కన్నా పెద్ద తప్పు.

చట్టం నిలబెట్టమనేదీ ధర్మమే,
గుమ్మంలో చెయ్యి చాచి అడిగేదీ ధర్మమే.
ఒక్క మాటని ఇద్దరికి అద్దెకిచ్చినట్టుంది.
నేను ఏ అంతస్తులో ఉంటానో
ఆ రోజు దాకా ఎవరూ అడగలేదు.

తేడాకి కారణం అన్న చోట రాశాను:
"చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. లెక్క తప్పి ఉండొచ్చు."
ఎవరి వేళ్లో రాయలేదు.

పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు పెట్టాలి,
లేదా ఆట ఆపాలి, అన్నాను.
"ఎవర్ని ఆపమంటావు?" అని
లెంపీ కిటికీలోంచి సరస్సు వైపు చూసింది.

బండెక్కుతుంటే వెనకాలే వచ్చి
ఖాళీ చీటీ ఒకటి నా చేతిలో పెట్టింది.
పర్సు తీయబోయాను.
"వద్దు. మూడింట్లో ఒకటి తీసేశాను, చూడు."

పెట్రోలు బంకు దగ్గర ఆగి రాశాను:
ఏప్రిల్ పందొమ్మిది, మధ్యాహ్నం రెండు.
ఆవిడకి పంపలేదు. కోటు జేబులోనే ఉంది.

ఏప్రిల్ రెండున వాళ్ల లైసెన్సు మీద
ముద్ర నేనే వేశాను, కొంచెం వంకరగా.

కారు ఎప్పుడు మునిగిందో ఫైల్లో ఉంది.
రూడీ చీటీలు రెండూ తప్పాయి, అదీ ఉంది.
ఫైల్లో లేనిది ఇది:
ఒక్క సెంటు పెట్టనివాణ్ణి,
పద్దెనిమిది రాత్రి నిద్రపట్టక లేచి,
ఆ సరస్సుకి నూట ఎనభై మైళ్ల దక్షిణాన
కిటికీ తెరిచి చెయ్యి బయట పెట్టి చూశాను,
చలి ఇంకా ఎంత మిగిలుందో.